పేరు దాచిన దళం

సేనలో ప్రతి అధికారికీ రెండు పేర్లుంటాయి. ఒకటి కన్నవాళ్ళు పెట్టింది. అది ఛాతీ మీద ఇత్తడి పలకలో మెరుస్తూ ఉంటుంది. రెండోది జవాన్లు పెట్టింది. అది ఆయన వీపు వెనక తిరుగుతూ ఉంటుంది. మొదటి పేరు మీద ఉత్తర్వులొస్తాయి. రేపు తూటాలు పేలినప్పుడు ఆయన వెనక నడవాలా వద్దా అన్నది మాత్రం రెండో పేరు దగ్గరే తేలిపోతుంది.

తీరరాష్ట్రాల సమాఖ్య సేనలో ఇలాంటి పేర్లకి కొదవే లేదు. ఏ పని అడిగినా వాయిదా వేసే ఫిరంగిదళం జనరల్ గారు ‘రేపుచూద్దాం’. తుఫానులో రేషన్ ఆగిపోయినప్పుడు జవాన్లతో పాటు పూటపూటకీ ఉప్మాయే తిని, ఒక్కసారైనా మొహం చిట్లించని బ్రిగేడియర్ గారు ‘ఉప్మా’. చొక్కా మడత నలుగుతుందని జీపులో కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడే జనరల్ రణధీర్ ‘ఇస్త్రీపెట్టె’. ఈ సంగతి ఎవరు చేరవేశారో గాని ఆయన చెవిన పడింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. తనకు తగిన మారుపేరు తానే ఎంచుకుని కిందికి పంపించారు: ‘గండభేరుండం’. మారుపేరుని ఉత్తర్వు ద్వారా జారీ చేసిన మహానుభావుడు సేన చరిత్రలో ఆయనొక్కరే అయి ఉంటారు.

పైల హైమావతికి ఈ పేర్లంటే మొదట్లో వట్టి సరదా. భీమిలి కొండ మీది ప్రయోగశాలలో ఆమె పని గొంతుపట్టీలు బాగుచేయడం. యుద్ధంలో చప్పుడు లేకుండా మాట్లాడుకోవడానికి ప్రతి జవాను మెడకీ ఒక పట్టీ ఉంటుంది. పెదవి కదపక్కర్లేదు. గొంతులో మాట పుట్టగానే పట్టీ దాన్ని అందుకుని పక్కవాడి చెవిలో వేస్తుంది. ఆ పట్టీలు పరీక్షిస్తూ కూర్చున్న హైమకి ఒకనాడు వింత ఒకటి కనబడింది. ‘ఉప్మా’ అన్న మాట ఎవరి గొంతులో పుట్టినా ఆ గొంతు వదులవుతోంది. ‘గండభేరుండం’ అన్నప్పుడల్లా బిగుసుకుపోతోంది. పాత యుద్ధాల రికార్డులు తీసి విన్నది. పేరు తలచుకుంటే గొంతు వదులైన దళాలు ఎంత దెబ్బ తిన్నా చెదరలేదు. గొంతు బిగిసిన దళాలు మొదటి దెబ్బకే చెల్లాచెదురయ్యాయి. తిట్టా, పొగడ్తా అన్నదానితో పనే లేదు. గాడిద అని ముద్దుగా అన్నవాడు వెంట నడిచాడు. దేవుడు అని భయంతో అన్నవాడు పారిపోయాడు.

అలా పుట్టింది ఆమె యంత్రం. కాగితాల మీద దాని పేరు ‘నాయకత్వ విశ్వాస మాపకం’. ఇంటిల్లిపాదీ ఏం గొణుక్కున్నా దానికి వినబడుతుంది కాబట్టి ప్రయోగశాలలో అందరూ దాన్ని ‘అత్తగారు’ అనేవారు. ఉన్నత నియామక మండలి దాన్ని నెత్తిన పెట్టుకుంది. రేపుచూద్దాం గారు ఇంటికెళ్ళారు. ఉప్మా గారు పెద్ద పదవికి ఎక్కారు. సేన మొత్తం మీద మొదటిసారి కింది నుంచి పైకి ఒక న్యాయం జరుగుతోందని హైమ పొంగిపోయింది. మండలి అడిగితే దాన్ని వాడే నిబంధనలు తానే రాసిచ్చింది. వాటిలో ముఖ్యమైన నియమం: మారుపేరే లేని అధికారికి సున్నా, సున్నా వచ్చినవారు పై పదవుల్లో ఉండటానికి వీల్లేదు. పేరు పెట్టే పాటి శ్రద్ధ కూడా జవాన్లకి లేదంటే ఆ మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే కదా అని ఆమె లెక్క.

ఆ నియమం ఆమె ఇంటి గడపే తొక్కుతుందని అప్పుడు తెలియదు.

సర్వసేనాని పదవి ఖాళీ అయింది. అర్హులు ఇద్దరే. ఒకరు జనరల్ రణధీర్. రెండోవారు లెఫ్టినెంట్ జనరల్ పైల అహల్య, హైమకి స్వయానా అక్క. అమ్మానాన్నా పోయాక జడలు వేసి, అన్నం కలిపి పెట్టి, చెవులు మెలిపెట్టి లెక్కలు నేర్పి హైమని మనిషిని చేసిన అక్క. ఈసారి ఫలితాలు వేరెవరైనా చూస్తే బాగుంటుందని మండలి అధ్యక్షుడు పట్నాయక్ గారికి హైమ ముందే చెప్పింది. ఆయన నవ్వి, “మీ యంత్రానికి అక్కాచెల్లెళ్ళు లేరు కదమ్మా,” అన్నారు.

ఫలితాలు చూసే రోజు ఉదయం తెర మీద రెండు గీతలు రావాలి. రణధీర్ గీత పచ్చగా పైకంటా లేచింది. అహల్య గీత లేవనే లేదు. సున్నా.

హైమ మళ్ళీ వేసింది. అదే సున్నా. అక్క దళాల్లో అంత మంది జవాన్లున్నారు. ఒక్కరి గొంతులో కూడా ఆమెకో మారుపేరు పుట్టలేదు. నిన్నటిదాకా గొంతులు బిగుసుకున్న గండభేరుండానికి ఈ పచ్చదనం ఎక్కడిదన్న అనుమానం ఒకటి తొలిచింది గాని, అక్క సున్నా ముందు అది నిలవలేదు.

*

ఆదివారం అక్క క్వార్టర్స్‌కి వెళ్ళేసరికి అహల్య వంటింట్లో నెత్తళ్ళు వేయిస్తోంది. యూనిఫాం లేనప్పుడు ఆమెని చూసి ఎవరూ జనరల్ అనుకోరు. గుమ్మం దగ్గర పీట మీద సుబేదార్ కోరాడ అప్పలస్వామి కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. గోదావరి దళంలో ఆమె చిన్న అధికారిగా చేరిన నాటి నుంచీ ఆమెతోనే ఉన్న మనిషి.

“ఏమే, మొహం అలా వేలాడేసుకొచ్చావేం? అత్తగారు కోప్పడిందా?” అంది అహల్య.

చెప్పకూడదని చట్టం. చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. హైమ చెప్పేసింది.

అహల్య పకపకా నవ్వింది. “ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే ఒక్క పాడు పేరైనా పెట్టలేదన్నమాట! కనీసం ‘నెత్తళ్ళ పులుసు’ అనైనా అనకపోయారా?” అంది. నవ్వు ఆగిపోయింది. ఆమె స్టవ్ వైపు తిరిగి చేపల్ని అవసరం లేకపోయినా మళ్ళీ మళ్ళీ తిప్పింది. అక్కకి దెబ్బ తగిలిందని హైమకి తెలిసింది. యుద్ధంలో భుజానికి తూటా తగిలినప్పుడు కూడా అక్క ఇలా అటు తిరిగి నిలబడలేదు.

అప్పలస్వామి కత్తి కింద పెట్టాడు.

“మేడంగారూ, ఈ మాట అధికార్లకి సెప్పకూడదు. మా దళం కట్టుబాటు. అయినా సెప్పీస్తన్నాను, మీరలగ నిలబడితే నాను సూడనేను.”

“ఏటి కట్టుబాటు?” అంది అహల్య అతని యాసలోనే, అటే తిరిగి.

“పేరు లేకపోడం ఏటమ్మా, సేరిన వారంలోనే ఎట్టినాం. నవ్వుకున్నాం కూడాను. ఉప్పుటేరు వంతెన కాడ మనోళ్ళు పోయినారు కదా. ఆల్ని అంబులెన్సు వొచ్చేదాకా వొగ్గీకుండా మీరే ఒకల తరవాత ఒకల్ని బుజం మీద మోసుకొచ్చినారు. ఆ పొద్దే పేరు దాసేసినాం.”

“దాసేయడం అంటే?” అంది హైమ.

“మా దళంలో అలగే సిన్నమ్మగోరూ. సచ్చిపోయినోల్ని అధికారి తన సేతుల్తో మోస్తే, ఇంక ఆరి పేరు నోట్లోకి రానియ్యం. ఎగతాళికి ఎట్టిన పేరది. ఆరినింక ఎగతాళి సెయ్యబుద్ది అవదు. అలగని కొత్తది ఎట్టం. ఆ పేరే లోన ఉంటాది. మా దళం నుంచి ఏరే దళాలకి ఎల్లినోలు ఆళ్ళకీ నేర్పేసినారు. అందుకే మీ మిషనుకి ఏటీ ఇనపళ్ళేదు.”

అహల్య ఇటు తిరిగింది. ఆమె కళ్ళు నిండిపోయి ఉన్నాయి. “ఉల్లిపాయలు అటు పట్టుకెళ్ళండి సుబేదార్ సాబ్,” అంది. అతను కదలలేదు.

హైమ సంతోషంతో ఎగిరి గంతేసింది. “ఇంకేం! ఇదే మండలికి చెప్తాను. పేరు మింగేసినప్పుడు కూడా గొంతు కదులుతుందక్కా. మాట పుట్టి ఆగిపోతుంది. యంత్రానికి దాన్ని పట్టుకోవడం నేర్పిస్తే చాలు.”

“నోరెత్తకు,” అంది అహల్య.

“అక్కా!”

“వాళ్ళ మెడకి పట్టీ కట్టాం. నవ్వుకుంటే విన్నాం. తిట్టుకుంటే విన్నాం. నోరు మూసుకుని కూర్చున్నా వింటామంటావా? ఇంక వాళ్ళకంటూ ఏం మిగులుతుందే?”

“నీ పదవి పోతుంది.”

“పోనీ.”

“పోయేది నీ ఒక్కదాని పదవేనా? రణధీర్ గారు సర్వసేనాని అయితే పేపర్లో తన బొమ్మ కోసం జవాన్ల చేత ఏ నదైనా దాటిస్తారు. నువ్వు మోసినవాళ్ళకి పదింతల మంది పోతారు. అప్పుడు ఎవరు మోస్తారు?”

 అహల్య స్టవ్ కట్టేసి చేతులు తుడుచుకుంది. “అన్నం తిని వెళ్ళు,” అంది. ముగ్గురూ తిన్నారు. 

*

మర్నాడు హైమ ప్రయోగశాలలో తలుపు వేసుకుని కూర్చుంది. అక్క మాట వినే ఉద్దేశం ఆమెకి లేదు. చిన్నప్పటి నుంచీ అక్క వద్దన్న పని చేసి, తరవాత చెవి మెలిపెట్టించుకోవడం ఆమెకి అలవాటే.

అహల్య ప్రస్తావన వచ్చిన మాటలన్నీ యంత్రంలోంచి తీసింది. జవాన్లు అందరూ ‘జనరల్ మేడం’ అనే అంటున్నారు. ఆ మాటకి ముందు ప్రతి గొంతులోనూ ఒక చిన్న ఆగుడు. ఏదో పైకి వచ్చి, వద్దులే అని వెనక్కి వెళ్ళినట్టు. ఆ ఆగుడులో గొంతు ఎంత వదులుగా ఉందో కొలవమని యంత్రానికి చెప్పింది. తెర మీద అహల్య గీత లేచి, పచ్చగా మారి, ఇంతవరకు ఏ అధికారికీ రానంత పైకి వెళ్ళి ఆగింది.

హైమ ఏడ్చేసింది. ఆనందం పట్టలేక కుర్చీలోనే అటూ ఇటూ తిరిగింది.

అప్పుడు తెర అడుగున యంత్రం తనంతట తానే ఒక ప్రశ్న వేసింది. ఆగిపోయిన మాట దొరికింది, చదవమంటారా?

ఈ సంగతి ఆమె ఊహించలేదు. గొంతు వదులో బిగువో కొలవమంది గాని, లోపలి మాటని బయటికి లాగమనలేదు. అత్తగారు మాత్రం లాగేసింది. పలకని మాట కూడా దానికి దొరికిపోయింది. అక్కకి ఏ పేరు పెట్టి ఉంటారో చూడాలని హైమకి చెయ్యి దురద పెట్టింది. వేలు మీట దాకా వెళ్ళింది.

గేటు దగ్గర్నుంచి ఫోన్. ఎవరో ఆడమనిషి మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి, మిషను చేసిన అమ్మగారిని చూస్తే గాని కదలనంటోంది.

హైమ వాళ్ళని పక్క గదిలోకి రప్పించింది. వచ్చినామె పేరు కూర్మమ్మ. భర్త సోములు రణధీర్ దళంలో జవాను. పిల్ల ఒకతె తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. సోములు ఆరోగ్యంగానే ఉన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు. మాట మాత్రం లేదు.

“ఏటి సేసినారమ్మా మా ఆయన్ని?” అంది కూర్మమ్మ. గొంతులో కోపం ఉడుకుతోంది. “ఆ జనరలు గోరి పేరు అన్నప్పుడు ఈయన గొంతు బిగిసిపోతందంట. మీ మిషను సెప్పిందంట. బిగిసినోల్ల పేర్లు తీసి సిబిరానికి అట్టుకుపోనారు.”

 ఏ పట్టీ ఎవరిదన్న వివరం పరిశోధన కోసమని మండలి అడిగింది. తప్పేముందని హైమే ఇచ్చింది.

“కొట్టారా?” అంది.

“కొడితే నయిమే. కొట్టనేదు, తిట్టనేదు. ముందల ఒక దీపం ఎట్టీసి, పేరు పలకమన్నారంట. పచ్చ దీపం ఎలిగేదాకా పలకాల. ఎలగాపోతే మల్లీ. తిండి ఎట్టీసి మల్లీ, పడుకోబెట్టీసి మల్లీ. గొంతు వొదులయ్యేదాకా. ఆకరికి నేర్సీసుకున్నాడు.”

“అయితే ఇప్పుడెందుకు మాట్లాడడు?”

కూర్మమ్మ పిల్లని ముందుకి నెట్టింది. “దీన్ని గుమ్మడీ గుమ్మడీ అని పిలిసీవోడమ్మా. ఇంటికొచ్చి ఒకసారి పిలిసినాడు. అంతే, నోరు మూసీసినాడు. మరి తెరవనేదు. ఎందుకని కాల్లు అట్టుకున్నా సెప్పడు.”

హైమ సోములు ముందు నేల మీద కూర్చుంది. “సోములూ, ఈ గదిలో పట్టీలు పనిచెయ్యవు. ఎవరూ వినరు. చెప్పు.”

చాలాసేపటికి అతను నోరు తెరిచాడు. “అదే గొంతమ్మా,” అన్నాడు. “ఆ పేరుకి నేర్పినారే, ముద్దుగా, మెత్తగా. నా గుమ్మడిని పిలిస్తే అదే గొంతు వొచ్చింది. నాది ఏదో, ఆళ్ళు నేర్పింది ఏదో నాకు తెల్డం నేదు.” పిల్ల వైపు చూసి, చప్పున మొహం తిప్పుకున్నాడు. “అబద్దం గొంతుతో దాన్నెలగ పిలుస్తాను?”

గండభేరుండం పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో హైమకి అర్థమైంది. ఆమె సిగ్గుతో తలెత్తలేకపోయింది. వాళ్ళు వెళ్ళాక తెర ముందుకి వచ్చింది. ప్రశ్న అలాగే వెలుగుతోంది, చదవమంటారా అని. పలికిన మాటకే ఇంత శిబిరం పెట్టినవాళ్ళు, మింగిన మాట కూడా వినబడుతుందని తెలిస్తే ఊరుకుంటారా? జవాను నిద్రలో ఏం తలచుకున్నాడో కూడా దిద్దుతారు. హైమ ఆ ఉదయం నేర్పిందంతా యంత్రం చేత మరిపించింది. నకలు కూడా ఉంచలేదు. అహల్య గీత కుప్పకూలి సున్నా దగ్గర పడిపోయింది. అక్క పదవిని తన చేత్తో తానే చెరిపానని ఆమెకి తెలుసు. అయినా పని పూర్తయ్యేదాకా ఆగలేదు.

*

మండలి విచారణ పెద్ద హాల్లో జరిగింది. ఎదురెదురుగా రణధీర్, అహల్య. గోడవార సాక్షులు, వాళ్ళలో పట్టీతో అప్పలస్వామి. రణధీర్ చొక్కా మీద ఈగ వాలినా జారిపడేలా ఉంది.

పట్నాయక్ గారు చెడ్డవారు కారు. నిజానికి ఆయనకి అహల్య అంటేనే గురి. సున్నా చూసి ఆయనా బాధపడ్డారు. అందుకే దారి వెతుకుతున్నారు.

“సుబేదార్ గారూ, మీ జనరల్ గారికి జవాన్లు ఏ పేరూ పెట్టలేదా?”

అప్పలస్వామి నిటారుగా నిలబడ్డాడు. “నాను సెప్పను సార్.”

“పెట్టలేదా, చెప్పరా?”

“సెప్పను సార్.”

“ఒక్క మాట చాలు. ఆమెకి మేలే జరుగుతుంది. ఇది ఆజ్ఞ అనుకోండి.”

“ఆజ్ఞ అయితే శిచ్చ వెయ్యండి సార్. పడతాను.”

అహల్య లేచింది. “అతన్ని వదిలెయ్యండి సార్. సున్నా నాది. శిక్ష వేస్తే నాకు వెయ్యండి.”

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. రణధీర్ మీసాల చాటున నవ్వుకున్నారు. పట్నాయక్ గారు నిట్టూర్చి హైమ వైపు తిరిగారు. “హైమావతి గారూ, ఈ యంత్రం మీది. ఈ సున్నాకి ఏమైనా అర్థం ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి.”

హైమ లేచి నిలబడింది. అక్క వైపు చూడలేదు. చూస్తే నోరు జారుతుందని భయం.

“సున్నా గురించి నేనేమీ చెప్పను సార్. ఆ పచ్చగీత గురించి చెప్తాను. అది గొంతుల్లో పుట్టింది కాదు, శిబిరంలో పుట్టింది. జనరల్ గారంటే ఇష్టం లేని జవాన్లని నా యంత్రమే పట్టిచ్చింది. దీపం ముందు కూర్చోబెట్టి వాళ్ళ చేత ఇష్టాన్ని వల్లె వేయించారు. సోములనే జవాను ఇవాళ కన్నకూతుర్ని పిలవలేకపోతున్నాడు. ఇలాంటి కొలతతో మీరు సర్వసేనానిని కాదు కదా, మెస్‌లో వంటవాణ్ణి కూడా ఎంచకూడదు. ఈ ఫలితం సరైనదని నేను సంతకం పెట్టను.”

“అది నైతిక శిక్షణ,” అన్నారు రణధీర్ తాపీగా. “నిబంధనల్లో ఎక్కడా తప్పని లేదు.”

లేదు మరి. ఆ నిబంధనలు రాసింది హైమే. శిబిరం అనే ఆలోచన ఆమె బుర్రకి తట్టలేదు కాబట్టి తప్పని రాయలేదు. మండలి సభ్యులు గంటల తరబడి తలలు బద్దలు కొట్టుకుని, చివరికి నియమం ప్రకారమే పోయారు. సున్నా వచ్చినవారికి అర్హత లేదు. పచ్చ వచ్చినవారు ఒక్కరే. హైమ సంతకం లేకపోయినా అధ్యక్షుడి సంతకం సరిపోతుందని తీర్మానించుకున్నారు. రణధీర్ సర్వసేనాని. అహల్యకి పదవీ విరమణ. హైమ ఉద్యోగం ఊడింది.

మెట్ల మీద అహల్య చెల్లెలి చెవి పట్టుకుంది. మెలిపెట్టలేదు. అలా పట్టుకునే కొంచెం దూరం నడిచింది. “నేను చెప్పిన మాట విన్నావే నువ్వు. నమ్మలేకపోతున్నాను,” అంది.

“నీ కోసం వినలేదులే,” అంది హైమ ముక్కు ఎగబీల్చుకుంటూ.

*

గొంతుపట్టీలు ఎప్పుడూ మెడకే ఉంటాయి గాని, స్నానాల దగ్గర తీసి మేకుకి తగిలిస్తారు. నీళ్ళు తగిలితే పాడవుతాయి. విచారణలో జరిగిందంతా ఆ కుళాయిల దగ్గరే ఒక దళం నుంచి ఇంకో దళానికి పాకింది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో అత్తగారికి తెలియదు. అప్పలస్వామి ఆ నెలంతా కనబడిన ప్రతి దళంలోనూ స్నానం చేశాడని మాత్రం తరవాత కొందరు చెప్పుకున్నారు.

సర్వసేనాని ప్రమాణ స్వీకారం విశాఖ బీచ్ రోడ్డు మీద. సేన మొత్తం బారులు తీరింది. తన మీద సేనకున్న ప్రేమ జనమంతా చూడాలని రణధీర్ గారికి ముచ్చట. అందుకని వేదిక పక్కన ఇంత పెద్ద తెర కట్టించి, అత్తగారిని దానికి తగిలించారు. హైమ వెళ్ళలేదు. ఇంట్లో అక్కతో కలిసి టీవీలో చూసింది. అహల్య చీపురు పట్టుకుని గది ఊడుస్తూ, మధ్యమధ్య ఆగి తెర కేసి చూస్తోంది.

బ్యాండు మోగింది. ప్రమాణం అయింది. తెర వెలిగింది. రణధీర్ గారి గీత సున్నా దగ్గర ఉంది.

కెమెరా చప్పున సముద్రం వైపు తిరిగింది. మళ్ళీ వచ్చేసరికి సాంకేతిక లోపమని వ్యాఖ్యాత చెబుతున్నాడు. లోపం ఉందో లేదో తేల్చడానికి ఎవరో తెలివైనవాడు మిగతా జనరల్స్ గీతలు కూడా తెర మీద వేశాడు. అన్నీ సున్నాలే. ఉప్మా గారిది కూడా సున్నాయే. అంత సేనలో ఒక్క గొంతులో ఒక్క మారుపేరు పుట్టడం లేదు. జవాన్లు నిటారుగా నిలబడి ముందుకే చూస్తున్నారు. ఎండ మండుతోంది. బారుల్లో ఒక్కడి కంఠం కూడా కదలడం లేదు.

అహల్య చీపురు వదిలేసింది. “ఓరి నాయనో,” అంది మెల్లగా.

ఫోన్ మోగింది. పట్నాయక్ గారు.

“హైమావతి గారూ, యంత్రం పాడైందా?”

“లేదండీ. బాగా పనిచేస్తోంది.”

“అన్నీ సున్నాలొస్తున్నాయమ్మా!”

“నియమం మీకు తెలుసు కదండీ. సున్నా వచ్చినవారికి పదవిలో ఉండే అర్హత లేదు.”

అవతల ఆయన ఊపిరి గట్టిగా వినబడింది. “నియమం పాటిస్తే ఈ క్షణం సేనకి ఒక్క జనరల్ కూడా లేడు. తెలుస్తోందా మీకు?”

“తెలుస్తోందండీ. నియమం తీసెయ్యండి. పట్టీల్లోంచి వినడం మానెయ్యండి. ఎవరు కావాలో జవాన్లని ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. చెప్తే చెప్తారు, లేకపోతే లేదు.”

 టీవీలో, వేదిక మీద రణధీర్ అటూ ఇటూ చూస్తున్నారు. చుట్టూ మూగిన అధికారుల తోపులాటలో ఎవరి మోచేయి తగిలిందో, ఆయన చొక్కా భుజం దగ్గర నలిగి ఉంది.

“ఒక్కటి చెప్పండి,” అన్నారు పట్నాయక్ గారు గొంతు తగ్గించి. “వాళ్ళు లోపల ఏదో అనుకుంటూనే ఉంటారు కదా. ఆ మౌనాన్ని వినే దారి ఏదైనా ఉందా? మీరు కనిపెట్టగలరా? మీ ఉద్యోగం మీకు వస్తుంది. మీ అక్కగారి సంగతి కూడా మళ్ళీ చూస్తాం. నా మాట నమ్మండి.”

అహల్య చెల్లెలి మొహంలోకే చూస్తోంది. ఆమెకి ఫోన్‌లో మాట వినబడుతోంది.  టీవీలో ఆ వేలమంది ఎండలో అలాగే నిలబడి ఉన్నారు.

“లేదండీ,” అంది హైమ. “మౌనాన్ని వినే యంత్రం లేదు. ఎవరూ చెయ్యలేరు.”

ఫోన్ పెట్టేసింది.